ఫోటో వెనక రాత

"తల పట్టు, లక్ష్మీరాజం. ఇందాక కుడికి ఉండె, ఇప్పుడు ఎడమకు ఒరిగింది," అన్నాడు ముస్తఫా కెమెరా నుంచి కన్ను తీయకుండా.

"కట్టు వదులైంది సాబ్." లక్ష్మీరాజం తన అన్న బాలనర్సయ్య గడ్డం కింది గుడ్డను నెత్తి మీద మళ్లీ ముడేశాడు.

బాలనర్సయ్యను కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలతో నడుమును కుర్చీకి కట్టారు. ముక్కుల్లో దూది, మెడలో బంతిపూల దండ. ఓ పక్క భార్య హన్మవ్వ, ఓ పక్క కోడలు గోదావరి. బోధన్ చుట్టుపక్కల పోయినవాళ్లను ఇలా కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆఖరి చూపు అదే. ముస్తఫాకు పెళ్లిళ్ల కంటే ఈ పిలుపులే ఎక్కువ.

గోదావరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"గట్లనే ఉండు చెల్లె, మంచిగొస్తది. అవ్వా, నువ్వు ఈగలు కొట్టుడు ఆపు. చెయ్యి అడ్డమొస్తుంది."

"ముక్కు మీద వాల్తున్నయ్ బిడ్డా."

"వాలనీ. ఆయనకేం తెలుస్తది?"

"తెల్వదనుకో..." అని హన్మవ్వ చెయ్యి దించింది.

మూడు ఫోటోలయ్యాయి. దండ సరిచేద్దామని ముస్తఫా ముందుకు వెళ్తే లక్ష్మీరాజం అడ్డమొచ్చాడు.

"ముట్టద్దు సాబ్. మా కులంల బయటోళ్లు ముట్టద్దు."

ఆ కులంలోనే అంతకుముందు నలుగురికి ముస్తఫా స్వయంగా దండలు సర్దాడు. ఇంటికో పద్ధతి కాబోలనుకున్నాడు.

"ఇగ రాత రాయి సాబ్. ఫోటో కంటే అదే ముఖ్యం," అన్నాడు లక్ష్మీరాజం.

బాలనర్సయ్య కొడుకు రాందాస్ సౌదీ పోయి నాలుగేళ్లయింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. సెలవు అడిగితే ఇవ్వడం లేదు. ఆ పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి లక్ష్మీరాజం ఫోన్ చేస్తే క్యాంపు మేనేజర్ నవ్వాడట. "ఈ నెల్ల నా క్యాంపుల ఏడుగురి తండ్రులు పోయిండ్రు. అండ్ల ఒకాయన రెండుసార్లు పోయిండు. ఫోటో పంపుండ్రి. నేను నమ్మేటోడి రాత పంపుండ్రి," అన్నాడట.

ఆ మేనేజర్‌ది హైదరాబాద్. ఉర్దూ చదువుతాడు. ఉర్దూ రాసే ఫోటోగ్రాఫర్ బోధన్‌లో ముస్తఫా ఒక్కడే. పైగా అబద్ధం రాయడు. పోయినేడు పోశయ్య అనే ఆయన వచ్చి, కొడుకు సెలవు కోసం ఇల్లు కాలిందని రాయమంటే బూడిద చూపించమన్నాడు. పోశయ్య ఇప్పటికీ పలకరించడు. కానీ ముస్తఫా స్టూడియో ముద్ర ఉన్న కాగితానికి ఆ క్యాంపులో సెలవు దొరుకుతుందని పేరొచ్చింది.

రాయడం మాత్రం ముస్తఫాకు చేతకాని పని. నిజామాబాద్‌లోని ఓ ఉర్దూ పత్రికకు మూడేళ్లుగా బస్సులో ఫోటోలు పంపుతున్నాడు. పోయిన సీజన్‌లో ఫ్యాక్టరీ ముందు బండ్ల ఫోటో పంపి, కింద 'చెరకు బండ్లు' అని రాశాడు. ఎడిటర్ పిలిచి మరీ తిట్టాడు. "బండ్లని నాకూ కనిపిస్తుంది కదయ్యా. ఎడ్లు ఎన్ని దినాల నుంచి నిలబడ్డయో కనిపిస్తుందా? నోరున్నది కదా, అడుగు. అడిగి రాయి. లేకుంటే పెళ్లిళ్లు చేస్కో."

ముస్తఫా అరుగు మీద కూర్చుని రాశాడు. చదివి వినిపించాడు.

"ఈయన బాలనర్సయ్య. పోయిండు. నేను చూసిన."

"గింతేనా?" అన్నాడు లక్ష్మీరాజం. "కరెంటు బిల్లు మీద గూడ ఇంతకంటే ఎక్కువుంటది సాబ్."

"నేను చూసింది గంతే."

"చూడనిది అడుగరాదు? మేం లేమా?"

ఎడిటర్ అన్న మాటే ఇక్కడా పడ్డాక ముస్తఫా కాగితం తిప్పాడు.

"చెప్పు అవ్వా. కొడుకు గురించి ఏమనేటోడు?"

హన్మవ్వ కుర్చీ వైపు చూసి మొదలుపెట్టింది. "ఏమంటడు బిడ్డా. సాయంత్రమైతే బోధన్ బస్సు కాడికి పోతడు. కండక్టర్ అడుగుతడు, ఎవరొస్తున్నరే అని. నా కొడుకు అంటడు. ఇయ్యాల్నా అంటే, ఇయ్యాల కాకుంటే రేపు అంటడు. నాలుగేండ్లు. ఇప్పుడు బస్సు ఆగకముందే కండక్టర్ చెయ్యూపుతడు, రాలేదని. అయినా దిగేటోళ్లందర్నీ చూసినంకనే ఇంటికొస్తడు."

"నువ్వు చెల్లె?"

గోదావరి కొంగు తీసింది. "రాందాస్ పోయినప్పుడు బిడ్డ కడుపుల ఉండె. బాపు ఏడీ అంటే గోడకున్న ఫోటో చూపిస్తది. నువ్వు తీసిందే అన్నా, పాస్‌పోర్టుకు. బాపంటే గంతే ఉంటడనుకుంటది. మెడ దాక."

ముస్తఫా అరగంట రాశాడు. కాగితం రెండువైపులా నిండింది. ఇంత రాయడం అతనికి అదే మొదటిసారి. ముందు ఉర్దూలో చదివి, తర్వాత తెలుగులో చెప్పాడు. కండక్టర్ చెయ్యి, మెడ దాక ఉన్న బాపు, అన్నీ వచ్చాయి. ఆఖరున ఇట్లా ఉంది: 'మేనేజర్ సాబ్, ఈ ముసలాయన నాలుగేండ్లు ప్రతి బస్సూ చూసిండు. ఆయన చూడాల్సిన మనిషి మీ దగ్గరున్నడు. పంపుండ్రి. కండ్లార చూసి రాస్తున్న, ముస్తఫా.'

లక్ష్మీరాజం పక్కకు తిరిగి ముక్కు చీదాడు. గోదావరి ఇందాకటిలా కాదు, వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎడిటర్ ఇది చదివితే ఏమనేవాడో అనుకుంటూ ముస్తఫా సంచిలోంచి స్టూడియో ముద్ర తీసి, కాగితం మీద గట్టిగా కొట్టాడు.

"ఆ ఆఖరు ముక్క ఇంకోపాలి సదువు సాబ్," అన్నాడు కుర్చీలోంచి బాలనర్సయ్య.