తేలిక గేరు

"ఈ గేర్లతో ఆ ఎత్తు ఎక్కడం నావల్ల కాదు వదినా," అన్నాడు రవిచంద్ర, సైకిల్‌ని షాపు మెట్లకి ఆనించి.

మరిదిని వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్‌లోని ఆ సైకిల్ షాపుకి రావడం సత్యలక్ష్మికి ఇది మొదటిసారి కాదు. మొదట కొన్న సైకిల్‌కి టైర్లు మందంగా ఉన్నాయి, తొక్కుతుంటే ఊపిరాడటం లేదన్నాడు. దాన్ని తిరిగిచ్చేసి, సన్న టైర్ల రోడ్ సైకిల్ కొనిపెట్టింది. సీటు ఒరుసుకుంటోందంటే లోపల మెత్తలు కుట్టిన నిక్కర్లు తెచ్చింది. కాళ్ళు జారుతున్నాయంటే పెడల్‌కి బిగుసుకునే బూట్లు తెచ్చింది. ఇప్పుడు గేర్లు.

"జంగయ్యా, ఒకసారి చూడు," అంది మెకానిక్‌తో.

జంగయ్య వెనక చక్రం గాల్లోకి లేపి పెడల్ తిప్పి చూశాడు. "మంచిగనే ఉన్నయమ్మా. ఇంకా తేలిక గేరు గావాలంటే ఎనక పెద్ద పళ్ళ చక్రం ఏస్త. గది ఏసినంక సార్ గోడ గూడ ఎక్కుతడు."

"అదే వెయ్యి. సాయంత్రానికల్లా కావాలి."

"అంత తొందరేం ఉంది వదినా?"

"తొందర ఉందో లేదో మీ అన్నయ్యని అడుగు," అంది ఆవిడ, జంగయ్యకి వినపడకుండా గొంతు తగ్గించి.

ఆవిడ భర్త సుబ్రహ్మణ్యం సినిమా ఎడిటర్. లివర్ పాడైపోయి, మంచానికీ ఆస్పత్రికీ మధ్య తిరుగుతున్నాడు. తమ్ముడు తన లివర్లో కొంత ఇస్తే బతుకుతాడన్నారు. రక్తం గ్రూపు కలిసింది. మిగతావన్నీ కుదిరాయి. కాకపోతే రవిచంద్ర లివర్‌కి కొవ్వు పట్టి ఉంది. బరువు తగ్గి అది కరిగితేనే ఆపరేషన్ అన్నాడు డాక్టర్. రోజూ సైకిల్ తొక్కమన్నాడు, నూనె మానెయ్యమన్నాడు.

తేలిక గేరు వచ్చింది. రవిచంద్ర తెల్లవారగానే హెల్మెట్ పెట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు దిగిపోయేవాడు. తిరిగొచ్చేసరికి జెర్సీ తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉండేది. సత్యలక్ష్మి గుమ్మంలోనే బరువు చూసే మిషన్ పెట్టి ఎక్కమనేది. అంకె దిగేది కాదు. ఒకోసారి పెరిగేది కూడా.

"తగ్గాడా?" అని లోపల్నుంచి సుబ్రహ్మణ్యం అడిగేవాడు.

"తగ్గుతున్నాడండీ."

"వాణ్ణి మరీ తరమకు. కాళ్ళు లాగేస్తున్నాయంటున్నాడు పాపం."

ఆవిడ మిషన్ తీసి మంచం కిందకి తోసేసేది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ స్కూటీ తీసి, మరిదికి కనపడకుండా అతని వెనకాలే బయలుదేరింది.

పల్లం దారి. రవిచంద్ర పెడల్ తొక్కనే లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఓ సందు మొదట టిఫిన్ బండి దగ్గర ఆగి, సైకిల్ గోడకి ఆనించి, హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించాడు. షూటింగ్‌కి వెళ్ళే లైట్‌మెన్లు, డ్రైవర్లు నిలబడి తింటున్నారు. వాళ్ళ మధ్యన నిలబడి ముందు పూరీలు తిన్నాడు. తర్వాత నెయ్యి ఓడుతున్న దోశ తిన్నాడు. ఆఖర్న సైకిల్‌కున్న నీళ్ళసీసా తీసి తలమీద గుమ్మరించుకున్నాడు. మిగిలిన నీళ్ళు జెర్సీకి ముందూ వెనకా పట్టించుకున్నాడు.

సత్యలక్ష్మి స్కూటీ అక్కడే వదిలేసి బండి దగ్గరికి నడిచింది.

ఆవిడ చూపు రవిచంద్ర మీద ఉండటం చూసి బండి నడిపే బాలమణి నవ్వింది. "సార్ ఇంటోళ్ళా? రాండ్రి అమ్మా. సార్ దినాం గీడికే వస్తడు. మా నెయ్యి దోశంటే పానం."

రవిచంద్ర ఖాళీ సీసాని వీపు వెనక దాచుకున్నాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని సైకిల్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"రోజూ ఇదేనా? ఆ మాత్రం నోరు కట్టుకోలేవా?"

"నోటి కోసం కాదు వదినా."

"మరి దేనికి?"

"బరువు తగ్గితే నన్ను కోస్తారు. బల్ల మీంచి నేను లేవకపోతే? ఆస్పత్రిలో అందరి ముందూ సరేనన్నాను. ఇంటికొచ్చాక వణుకు పట్టుకుంది. అన్నయ్య మొహం చూసి ఇవ్వనని ఎలా చెప్పను? బరువు తగ్గకపోతే ఆ మాటేదో డాక్టరే చెప్తాడు కదా అనుకున్నాను."

ఇన్నాళ్ళూ మార్చిన సైకిళ్ళూ, బూట్లూ, గేర్లూ దేనికో సత్యలక్ష్మికి ఇప్పుడు అర్థమైంది.

"అక్కడ ఆయన రోజురోజుకీ కరిగిపోతున్నారు. నువ్విక్కడ దోశలు తింటూ ఆయన పోయేదాకా కాచుక్కూచున్నావు. అంతేగా?"

అతను ఏడవడం మొదలుపెట్టాడు. తింటున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"నా లివర్ సరిపోలేదు కనక నీ కాళ్ళావేళ్ళా పడ్డాను. సరిపోయుంటే ఆ రోజే ఆ బల్ల ఎక్కేదాన్ని. నీలాగా దొంగ చెమట పోసుకుని ఇంటికెళ్ళేదాన్ని కాదు. పద, మీ అన్నయ్య దగ్గర నీ నోటితోనే చెబుదువుగాని."

రవిచంద్ర తడి జెర్సీతోనే కళ్ళు తుడుచుకున్నాడు. హెల్మెట్ తీసి తలకి పెట్టుకున్నాడు. గడ్డం కింద పట్టీ నెమ్మదిగా బిగించుకుని, మొదటిసారి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"మీది సరిపోయిందనీ, మీరే భయపడి వద్దన్నారనీ ఆస్పత్రిలో నర్సు నోరు జారింది వదినా," అన్నాడు. "అది అన్నయ్యకి నేను చెప్పలేదు. ఇది మీరూ చెప్పకండి."