నలభై స్లైడ్లు

జంపయ్య తెచ్చిన స్లైడ్లు చూసేసరికి సాంబమూర్తికి ఒళ్లు మండింది.

పినపాక అవతల అడవిల ఉన్న చిన్న దవాఖానాకు ల్యాబ్ టెక్నీషియన్ సాంబమూర్తి. అది ఎనభై ఆరు వానకాలం. ఏ గూడెం చూసినా చలిజ్వరాలే. డాక్టరు పోస్టు ఆర్నెల్ల సంది ఖాళీ.

జంపయ్య మూడు నెలల కింద వచ్చిన మలేరియా వర్కరు. ఏ ఊరోడో, ఎక్కడ తింటడో, ఎక్కడ పంటడో ఎవ్వరికీ తెల్వదు.

గూడేలు తిరిగి, జ్వరమొచ్చినోళ్ల వేలు పొడిచి, గాజు స్లైడు మీద రక్తపు చుక్క రాసి తేవాలె. ఎన్ని స్లైడ్లు తెస్తే అంతమందికే కాంపౌండర్ వెంకటనారాయణ గోళీలిస్తడు. ఒక్క మనిషికి ఎక్కువడిగినా ఇయ్యడు. ఆయన పట్టు అట్లాంటిది.

ఈసారి వాగవతలి గూడెం నుంచి నలభై స్లైడ్లొచ్చినయి. కాంపౌండర్ నలభై మందికీ గోళీలిచ్చి పంపిండు.

తీరా సాంబమూర్తి మైక్రోస్కోపుల పెట్టి చూస్తే, అన్నింట్ల ఒకటే తీరు మలేరియా క్రిములు. కుప్పలు కుప్పలు. పండుముసలిదైనా, చంటిపిల్లయినా ఏం తేడా లేదు. ఎక్కడన్న ఉంటదా?

సాంబమూర్తికీ కాంపౌండర్‌కూ అసలు పడదు. నీ మైక్రోస్కోపు పాతదని ఆయన, నీ గోళీల డబ్బాకు మూతుండదని ఈయన, రోజూ ఇదే లొల్లి. జంపయ్య మీద అనుమానం కాడ మాత్రం ఇద్దరూ ఒక్కటైన్రు.

ఎవన్నో ఒక జ్వరమొచ్చినోన్ని పట్టుకొని, వాని రక్తమే నలభై స్లైడ్లకు రాసిండు. గోళీలు అంగట్ల అమ్ముకుంటున్నడు. ఇద్దరూ కూసొని ఇదే తేల్చిన్రు.

జంపయ్యను పిలిపించిన్రు.

వచ్చి గోడకానుకొని నిలబడ్డడు. మొఖం నిండా చెమటలు. దొంగతనం బయటపడితే ఎవనికైనా పడతయిలే అనుకున్నడు కాంపౌండర్.

"ఈ రక్తం ఎవరిది?" అన్నడు సాంబమూర్తి.

జంపయ్య తల దించుకున్నడు.

"ఎవరిదైతేంది సారూ. గూడెంల జ్వరాలున్న మాట నిజం. నన్ను తీసెయ్యుండ్రి, వాళ్ల గోళీలు మాత్రం ఆపకుండ్రి."

వాళ్ల మీద అంత ప్రేమ ఎందుకొచ్చిందోనని కాంపౌండర్ నవ్విండు. జంపయ్య సూదుల సంచి గుంజుకొని, మళ్ల గడప తొక్కొద్దని చెప్పిండు. జంపయ్య వాగు దిక్కు నడిచిండు.

తొమ్మిది రోజులకు, అసలు స్లైడ్లు తీసి దొంగతనం రుజువు చేద్దామని ఇద్దరూ వాగు దాటి గూడెం పోయిన్రు.

సాంబమూర్తి సూది బయటికి తీసిండో లేదో, జనమంతా లోపలికి పోయి తలుపులేసుకున్నరు. రామక్క అనే ముసలామె ఒక్కతే నిలబడి కుడిచెయ్యి చాపింది. చూపుడువేలు లేదు.

రెండేండ్ల కింద ఎవడో తుప్పు సూదితో పొడిచిపోతే, చీము పట్టి వేలు తీసెయ్యాల్సి వచ్చిందట. అప్పటి సంది ఆ గూడెంల ఎవ్వరూ వేలియ్యరట.

"మరి జంపయ్య తెచ్చిన రక్తం ఎవరిది?"

"మేం రక్తమియ్యకుంటే మీరు గోళీలియ్యరంట గద. మా అందరి ముంగట తన వేళ్లే పొడుసుకున్నడు సారూ. గోళీలు తెచ్చి, మేం మింగేదాక ఇంటింటికాడ కూసున్నడు."

సాంబమూర్తి సూది లోపల పెట్టేసిండు. జంపయ్య ఎక్కడున్నడని అడిగిండు.

దవాఖానా నుంచి తిరిగొచ్చిన నాడే పడిపోయిండట. చలికి మంచం అదిరిపోయేదట. నాలుగోనాడు పోయిండట. ఎవ్వరూ లేనోడని గూడెమే మన్ను పెట్టిందట.

"నీకు గూడా జ్వరమే గద, నాలుగు గోళీలు ఉంచుకో అని ఆనాడే మొత్తుకున్నం" అని రామక్క ఏడ్చింది. "నలభై మీ పేర్ల మీదనే ఇచ్చిన్రు, నా పేరు లేదు అన్నడు."



ఆ నలభై స్లైడ్లల్ల తాను చూసిందంతా చావుకు దగ్గరపడ్డ ఒక్క రోగి రక్తమేనని, మందియ్యాల్సిన ఆ రోగినే దొంగ అని వెళ్లగొట్టినమని సాంబమూర్తికి అప్పుడు తెలిసింది.