వేలెడు తేడా

"ఎలా ఉందిరా?" షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది రోసెల్లా.

ట్రాక్టరు కింద నుంచి లాంబర్ట్ తల బయటికి వచ్చింది. ముక్కు మీద గ్రీజు. "ఇంకా కుదరలేదక్కా. క్లెటస్ బండిని తలుచుకుంటే భయమేస్తోంది."

"భయపడి కూర్చుంటే అవుతుందా? ముందు భోజనానికి రా. ఆ చేతులు మళ్ళీ నా తువ్వాలుకి తుడిచావంటే ఊరుకోను."

ఆ ట్రాక్టరు వాళ్ళ నాన్నది. లాంబర్ట్ కన్నా వయసులో పెద్దది. నాన్న దానితో మొక్కజొన్న పండించాడు, సంత పందేల్లోనూ లాగాడు. నాన్న పోయాక లాంబర్ట్ దాని ఇంజను విప్పి, బాగుచేసి, బలం పెంచి, ట్రాక్టరును మళ్ళీ పందెంలోకి దింపాడు. ఒహాయోలోని ఆ కౌంటీ సంతలో అప్పటినుంచీ పాత ట్రాక్టర్ల పందెం కప్పు ఆ ఇంట్లోనే ఉంది.

రెండో స్థానం ఎప్పుడూ క్లెటస్‌ది. పక్క పొలం ఆసామి, ఒంటరివాడు. ఆదివారం చర్చి వదలగానే వీళ్ళింటికి భోజనానికి వచ్చేవాడు. రోసెల్లా చేసిన చికెన్ నూడుల్స్ మారు వడ్డించుకుని, లాంబర్ట్‌ని రెచ్చగొట్టేవాడు.

"ఈ ఏడు చూడు, నీ ఇంజను మూలుగుతుంది, నాది పాడుతుంది."

"నీది పాడటం ఎక్కడ? దగ్గుతుంది" అనేవాడు లాంబర్ట్.

క్లెటస్ ఉన్నంతసేపూ షెడ్డుకి తాళం పడే ఉండేది. అతనివి పాము చెవులు. మోత విన్నాడంటే, ఇంజను లోపల ఏం మార్చారో ఇట్టే పసిగట్టేస్తాడు.

కిందటేడు పందెంలో లాంబర్ట్‌కీ క్లెటస్‌కీ వేలెడు తేడా. గెలిచి ఇంటికి వస్తే, రోసెల్లా కప్పు వంక కూడా చూడలేదు.

"వేలెడంటే వేలెడు. అక్కడ నా గుండె ఆగినంత పనైంది. వచ్చే ఏడూ ఇలాగే చేశావో, నీ వంట నువ్వే చేసుకో" అంది.

అందుకే మంచు పడటం మొదలైన దగ్గర్నుంచీ లాంబర్ట్ షెడ్డు వదల్లేదు. పిస్టన్లు మార్చాడు. వాల్వులు అరగదీశాడు. స్టార్ట్ చేసేవాడు, చెవి ఒగ్గి వినేవాడు, తల అడ్డంగా ఊపి మళ్ళీ విప్పేవాడు. ఒకరోజు కార్బ్యురేటర్‌ని బల్ల మీద పెట్టుకుని, దాని ఎదురుగా తల పట్టుకు కూర్చున్నాడు.

"నాన్న చూస్తే ఏమనేవాడో" అన్నాడు.

"నాన్నే ఉంటే పక్కన కూర్చుని సాయం పట్టేవాడు. లే" అంది రోసెల్లా.

వేసవి వచ్చింది. సంత వచ్చింది. ఎండలో మైదానమంతా కాలిన పెట్రోలు వాసన, వేయించిన మాంసం వాసన.

పందెం మామూలే. ట్రాక్టరు వెనక నేల మీద ఈడ్చే ఇనుప స్లెడ్డు కడతారు. ముందుకు లాగేకొద్దీ దాని మీది బరువు పెట్టె ముందుకు జరిగి, స్లెడ్డును నేలకి అదుముతుంది. ఎవరి బండి ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు.

క్లెటస్ ముందు లాగాడు. బండి దగ్గింది, తుమ్మింది, ఎలాగో చాలా దూరమే వెళ్ళి ఆగింది. అక్కడ సున్నంతో గీత గీశారు.

ఆఖరున లాంబర్ట్. కంచె దగ్గర రోసెల్లా చేతి రుమాలు మెలిపెడుతూ నిలబడింది. ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నల్లటి పొగ. గీత దగ్గరవుతోంది. లాంబర్ట్ పళ్ళు బిగించాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. ఇంజను ఒక్క మూలుగు మూలిగి, గీతకి జానెడు ఇవతల చతికిలబడింది.

లాంబర్ట్ ఓడిపోవడం అక్కడ ఎవరూ చూసి ఎరుగరు. రోసెల్లా రుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. తోటి రైతులు ఒక్కొక్కరే వచ్చి లాంబర్ట్ భుజం తట్టారు.

"పాత బండి. దానికీ వయసైపోయింది కదా" అన్నాడొకడు.

"దాని తప్పేం లేదు" అన్నాడు లాంబర్ట్, బానెట్టు నిమురుతూ.

అప్పుడు క్లెటస్ వచ్చాడు. మొహంలో సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ.

"ఒరేయ్, నిజం చెప్పు. జాలిపడి వదిలేశావా?"

"యాక్సిలరేటర్ లివరు ఆఖరిదాకా నెట్టే ఉంది. ఎక్కి చూసుకో."

క్లెటస్ నిజంగానే ఎక్కి చూశాడు. లివరు ఆఖరిదాకా ఉంది. దిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, తిన్నగా కంచె దగ్గరికి నడిచాడు.

"రోసెల్లా, కుర్రతనంలో మీ నాన్న ఎదుట ఓ మాట అనేశాను. ఆయన ట్రాక్టరును న్యాయంగా ఓడించాకే నిన్ను పెళ్ళికి అడుగుతానని. ఇంతకాలం పడుతుందని అనుకోలేదు. జుట్టు కూడా పోయింది. అయినా అడుగుతున్నాను."

"అడిగినంతసేపు పట్టదు నాకు చెప్పడానికి. సరే" అంది రోసెల్లా.

క్లెటస్ కళ్ళు తుడుచుకుంటూ, మైకు పట్టుకున్నవాడికి ఈ కబురు చెప్పడానికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

రోసెల్లా తమ్ముణ్ణి గట్టిగా కావలించుకుని, అతని చెవిలో, "నాన్న ఆ పంతం సంగతి మనకి చెప్పి పోబట్టి సరిపోయింది; రెండేళ్ళు చెమటోడ్చి బంగారం లాంటి ఇంజనును పాడుచేశావు పాపం, ఇంక ఇంటికెళ్ళి మునుపటిలాగే మళ్ళీ బిగించుకోరా" అంది.