నారేపి కొండ

కళ్యాణదుర్గం చుట్టూ కొండలన్నీ బోడివే. ఈ ఒక్క కొండ మీదే ఇంత పాత అడవి ఎలా మిగిలింది? అడవుల చరిత్ర మీద పరిశోధన చేస్తూ, నెల రోజులుగా చెట్ల మొదళ్లకు టేపు చుట్టి కొలుస్తున్న గౌతమికి అదే అంతుబట్టలేదు.

"ఊళ్లో అడిగితే మిమ్మల్నే అడగమన్నారు తాతా" అంది, కొండ కింద గుడిసె ముందు కూర్చుని.

కుళ్లాయప్ప తల వంచుకున్నాడు. పక్కన భార్య హనుమంతమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"నేను చేసిన పాపం వల్లనే మిగిలిందమ్మా" అన్నాడు.

నలభై ఏడేళ్ల కిందటి మాట. వేరుశనగకు మంచి ధర పలుకుతున్న రోజులు. కొండల మీది చెట్లు బొగ్గు బట్టీలకు పోతున్నాయి, ఖాళీ అయిన నేల చేనైపోతోంది. ఈ కొండనూ ఊరంతా పంచుకుంది. మొదటి గొడ్డలి కుళ్లాయప్పది.

"పెద్ద నారేపి మాను. మా తాత పుట్టకముందు నుంచీ ఉండేది. ఇద్దరు చేతులు కలిపినా అందేది కాదు. రెండు దినాలు కొట్టినా. అది పడిన దినమే..." కొండ వైపు చూశాడు. "పొద్దుగూకేలోపల నా కొడుకు పోయినాడు. మూడేండ్లోడు. వానికి వట్టి దగ్గే ఉండె."

అడవితల్లి కోపమని ఊరు వణికింది. మళ్లీ ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. కుళ్లాయప్ప ఊరు విడిచి ఇక్కడే గుడిసె వేసుకున్నాడు. ఎండాకాలం మంటలు ఆర్పాడు. పక్క ఊళ్ల నుంచి కట్టెలకు వచ్చినవాళ్ల కాళ్లు పట్టుకున్నాడు. గాలికి కొమ్మ విరిగినా ఆ రోజు అన్నం ముట్టలేదు.

"మళ్లా బిడ్డల్ని కూడా వద్దనుకున్నా. వాళ్లనూ తీసుకపోతాదేమోనని."

గౌతమి ఆయన చెయ్యి పట్టుకుంది. "చెట్లు ఎవరినీ చంపవు తాతా. ఏదో జబ్బు అయ్యుంటుంది."

"జబ్బు లేదమ్మా. కావాలంటే ఈమెను అడుగు. ఆ దినం బిడ్డ కాడ ఉండింది ఈమే."

హనుమంతమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఆయప్ప ఏ పాపమూ చేయలేదని నీ పుస్తకంలో రాయమ్మా" అంది.

"సూడు, ఇన్నేండ్లూ ఇట్లనే ఓదారుస్తాది నన్ను." కుళ్లాయప్ప కళ్లు తుడుచుకుని, కర్ర అందుకుని లేచాడు. "మేకలోళ్లు వచ్చే పొద్దాయె. కొమ్మలు నరుకుతారు."

ఆయన చెట్ల మధ్య కనుమరుగయ్యేదాకా ఆమె చూస్తూనే ఉంది. గౌతమి వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది.

ఆ పొద్దున దగ్గు మందనుకుని తాను బిడ్డకు తాగించింది వేరుశనగ చేనుకు తెచ్చిన పురుగుల మందని హనుమంతమ్మ ఈ నలభై ఏడేళ్లలో ఎవరికీ చెప్పలేదు.