మంచులో ఐవన్ కారు

రాతలో తప్పులుంటే మన్నించండి. నాది నిదానం చెయ్యి, ఇంత చిన్న కథకే మూడు వారాలు పట్టింది.

“వదినా, ఇంకో కెటిల్ వేడినీళ్లు!” అని కేకేశాడు ఐవన్.

తొంభై ఆరు జూలై, ఇక్కడ నడి చలికాలం. లేడీస్మిత్ పట్నం పైన కొండ ఊళ్లో మోకాలెత్తు మంచు, ఎముకలు కొరికే గాలి. వదిన సావీ వాకిట్లో ఐవన్ కారు చక్రాలు గడ్డకట్టుకుపోయాయి. కింద సముద్రం వైపు అవోకాలో ఉండే ఐవన్ మంచును చూడడం ఇదే మొదలు. చనిపోయిన అన్న భార్యకు వితంతు పింఛను ఇప్పిస్తానని నిన్ననే వచ్చాడు.

“పన్నెండింటికల్లా లేడీస్మిత్‌లో ఉండాలి. ఇవాళ తప్పితే మళ్లీ లేదు. ఆఫీసరు ముందు నేను తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు వదినా, చదువుతో పనేముంది?”

పక్కింటి పెగ్గీ పార పట్టుకొచ్చింది. సావీకి పింఛను వస్తే చాలని ఆమె ఆరాటం.

“అక్కా, కాస్త బూడిద చల్లితే చక్రానికి పట్టు దొరుకుద్ది.”

“బూడిద నిన్నే పారబోశానే” అంది సావీ, కెటిల్ వంచుతూ.

మంచు బుస్సుమని కరిగింది. ఐవన్ స్టార్ట్ చేశాడు. చక్రం గిర్రున తిరిగిందే గానీ కారు కదల్లేదు.

“ఇదేం వింత! కళ్లముందే కరుగుతోంది గదా?”

“ఇంకా కరగాలేమో అబ్బాయ్. లోపల టీ పెట్టాను, తాగిరా. ఈలోగా నేను పోస్తుంటా.”

అతను టీ తాగి వచ్చేసరికి చక్రాల కింద నేల అద్దంలా మెరుస్తోంది. పెగ్గీకి అంతు చిక్కలేదు. ఇరవయ్యేళ్లుగా ఈ కొండ మీదుంటూ సావీకి ఆ మాత్రం తెలీదా? అడగబోతే, “గోనెసంచులు తేవే పెగ్గీ” అని పంపేసింది.

సంచులు పరిచారు, తోశారు. ఏడో కెటిల్‌కి పన్నెండు దాటింది. ఐవన్ కోపంగా టైరును తన్ని, జారి వెల్లకిలా పడ్డాడు.

“నువ్వూ, నీ నీళ్లూ!” అని తిట్టుకుంటూ లేచి, లారీ ఏదైనా దొరుకుతుందేమోనని మెయిన్ రోడ్డు వైపు కుంటుకుంటూ పోయాడు.

పెగ్గీ ఇక ఆగలేకపోయింది. “హాయిబో! ఈ చలికి నీళ్లు పోస్తే రాయవుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. చేతులారా పింఛను పోగొట్టుకున్నావు గదే అక్కా!”

సావీ ఖాళీ కెటిల్ గట్టు మీద పెట్టింది.

“రాత్రే ఆ కాగితం చదివాను పెగ్గీ, అది నా ఇల్లు అమ్మే కాగితం.”

— సావీ, డెబ్బై మూడేళ్లు, లేడీస్మిత్ పైన, ఆ ఇంట్లోనే.