అయిదేండ్ల పిల్లకు

ఎల్లారెడ్డిలోని తన మందుల షాపులో నగేశ్, అయిదేళ్ల పాప దగ్గుకని ఒకామె అడిగితే, టెట్రాసైక్లిన్ గోలీలు కవర్లో వేశాడు. పక్కనే కూర్చున్న అతని తల్లి శాంతవ్వ ఆ కవరు గుంజుకుంది.

“ఎనిమిదేండ్లు నిండని పిల్లలకు ఇది ఇస్తరా? నోట్లె పండ్ల రంగు మారితే మల్ల పోదు. బిడ్డా, నువ్వు పాపను డాక్టరుకు చూపెట్టు పో!”

మందుకొచ్చినామె వెళ్లగానే నగేశ్ మండిపడ్డాడు. “గిరాకీ ముందట ఇజ్జత్ తీస్తవా? నాలుగు గోలీలకు ఏమైతది?”

“నోరు తెరిచి అద్దంల చూస్కో, ఏమైతదో!”

నగేశ్ చెయ్యి పెదాల మీదికి పోయింది. “నా పండ్ల రంగు బోరు నీళ్లతోని మారిందంటివి గదనే అవ్వా?”

“అబద్ధం చెప్పిన!” శాంతవ్వ ఇంకా అరుస్తూనే ఉంది. “నీ చిన్నప్పుడు డాక్టరును అడగకుండ, దగ్గుకని ఈ గోలీలే నేను తెచ్చి మింగించిన!”