అద్దాల పెట్టెలో రేకు

10 జులై 2025, నిజామాబాద్.

రుచితా, ఫోన్‌లో చెబితే నువ్వు సగమే వింటావు. అందుకే ఈ కార్డు.

నిన్న మీ మ్యూజియం సిబ్బంది శిక్షణ యాత్రకు నన్నూ తీసుకెళ్లావు. పన్నెండు మంది బోధన్ మ్యూజియం దాకా వచ్చి సెల్ఫీలు దిగారు తప్ప ఒక్క అట్ట మీది వివరమూ చదవలేదు. మీ శిక్షకుడు అద్దాల పెట్టెలోని చిన్న రేకు చూపి, "చక్కెర ఫ్యాక్టరీలో తూకం చీటీలు కత్తిరించిన రేకు" అని చిలకలా చదివాడు.

నేల తుడుస్తున్న హన్మవ్వ ఆగింది. "చీటీలేంది సారూ? గిది బీడీ ఆకు మీద కొలతకు పెట్టి కత్తిరించే రేకు. మా ఇంట్ల గిసొంటియి రెండున్నయి."

అందరూ నవ్వారు. "అయితే నువ్వే చెప్పవ్వా పాఠం!" అని నువ్వూ వెక్కిరించావు. ఆమె తల దించుకుని బకెట్ ఎత్తుకుంది. నేను పక్క పెట్టె వైపు జరిగాను.

పోయినేడు ఆ మ్యూజియానికి ఆ రేకు ఇచ్చింది నేనే. ఆ అబద్ధం రాసిచ్చిందీ నేనే. మా అమ్మ దానితో ఆకు కత్తిరించి, బీడీలు చేసి నన్ను చదివించింది. హెడ్మాస్టరమ్మనయ్యాక ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఇక జరగవలసినవి:

1. ఆ అట్ట తీసేయించు.
2. హన్మవ్వ చెప్పిందే రాయించి, కింద మా అమ్మ పేరు పెట్టించు.
3. శనివారం మీ పన్నెండు మందినీ మళ్లీ అక్కడికి పిలువు. హన్మవ్వ కుర్చీలో కూర్చోవాలి. నేను నిలబడి చెబుతాను.